అవ్వ అడిగిన ఒక్క పూట: జైనూర్ కొండల్లో మూడు రోజులు

మా బడిలో ఎవరు ఊరికి పోయి వచ్చినా స్టాఫ్ రూంలో మొదటి ప్రశ్న ఒకటే, ఏం తిన్నరు అని. ఏం చూశారన్నది తర్వాత సంగతి. జైనూర్ కొండల నుంచి తిరిగొచ్చిన సోమవారం నన్నూ అదే అడిగారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోపు మొదటి పీరియడ్ గంట కొట్టేశారు. సాంఘిక శాస్త్రం చెప్పే దాన్ని కదా, మొదలుపెట్టిన పాఠం మధ్యలో ఆపడం నాకు చేతకాదు. అందుకే అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ కొండ మీద ఏం ఉంటుందో చూడనివాళ్లకు కాస్త తెలుస్తుంది. మేం ఏం తిన్నామన్నది మాత్రం చివరిదాకా చదివితే గాని తెలియదు, ఎందుకంటే మాకే చివరిదాకా తెలియలేదు.

మా దిక్కు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా బాపు గోదావరిఖని బొగ్గుబాయిలో ముప్పై ఆరేళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. దుంగ నిలబెట్టే ముందు ఇనుప పొన్ను వేసిన కర్రతో కప్పును తట్టి చూస్తారు. ఆ చప్పుడును బట్టి ఏ రాయి గట్టిగా పట్టుకుని ఉందో, ఏ రాయి విడిచిందో చెప్పాలి. మొదటి షిఫ్టయితే తెల్లారకముందే డబ్బా పట్టుకుని పోయేవాడు. రెండో షిఫ్టయితే మేం నిద్రపోయాక వచ్చేవాడు. మూడో షిఫ్టయితే పగలంతా కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. అవ్వ అతని డబ్బా కట్టి, మాకు పెట్టి, గిన్నెలు తోమి, ఎప్పుడో ఆఖరికి తినేది. బాపు రిటైరై ఏడాది దాటినా ఏమీ మారలేదు. గోడకు ఆనుకుని నిలబడి ఐదు నిమిషాల్లో తినేసి చేయి కడుక్కుంటాడు. లోపల తినేటప్పుడు ఒక చెవి కప్పు మీద ఉంచి తినాలట, ఆ చెవి ఇంకా కిందికి దిగలేదు.

పోయిన దసరాకు నేనూ తమ్ముడు రమేశ్ కలిసి అవ్వను అడిగాం, నీకేం కావాలో చెప్పు అని.

"నాకు చీర వద్దు, గొలుసు వద్దు. మీ బాపు నా పక్కన కూసొని ఒక్క పూట నిమ్మళంగ బువ్వ తినాలె. నేను సుత పక్కన్నే తినాలె. గంతే" అంది.

"ఒక్క పూటనేనా?" అన్నాడు రమేశ్.

"ఒక్క పూట సాలు. అల్వాటు లేని పని, ఎక్కువడిగితే పరేషానైతడు. ఆయనకు మాత్రం చెప్పకుండ్రి. చెప్తె నా కోసమని బిగుసుకొని కూసుంటడు. గది కూసున్నట్టు కాదు."

ఇంట్లో కుదరదని మాకు తెలుసు. ఇంట్లో ఉంటే అవ్వ పొయ్యి దగ్గర, బాపు వాకిట్లో. అందుకే రమేశ్ ఫోన్‌లో వెతికి వెతికి జైనూర్ దాటాక ఒక కొండ మీది విడిది పట్టాడు. నాలుగు కుటీరాలు, వంటిల్లు, చుట్టూ అడవి, కొండ మొత్తం ఒకసారికి ఒక్క కుటుంబానికే ఇస్తారు. శుక్రవారం పొద్దున బయలుదేరి ఆదివారం సాయంత్రం తిరిగి రావాలి. మొత్తం ఎనిమిది పూటలు. ఎనిమిదింటిలో ఒక్కటైనా కుదరకపోతుందా అని రమేశ్ ధీమా. ధర మాత్రం అవ్వకు చెప్పలేదు. చెబితే కరీంనగర్ బస్టాండు దగ్గరే దిగిపోయేది.

వేములవాడ: కోడె పట్టిన అవ్వ

బండిలో ఆరుగురం. అవ్వ, బాపు, నేను, పదేళ్ల మా బిడ్డ అమ్ము, రమేశ్, అతని భార్య స్వప్న. మా ఆయనకు సెలవు దొరకలేదు. దొరకనందుకు ఆయనేమీ బాధపడినట్టు కనిపించలేదు. కరీంనగర్ నుంచి చూస్తే జైనూర్ ఉత్తరాన ఉంటే మేం ముందు పడమరగా వేములవాడకు పోయాం. రాజన్నకు కోడె మొక్కు తీర్చకుండా కొండలెక్కనని అవ్వ మొండికేసింది మరి.

కోడె మొక్కంటే తెలియనివాళ్లకు చెబుతాను. టికెట్ తీసుకుంటే ఒక కోడెదూడ పగ్గం చేతికిస్తారు. దాన్ని పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేయాలి. మాకిచ్చిన కోడెకు మా మీద నమ్మకం కుదరలేదు. ముందున్నావిడ కొప్పులోని బంతిపూలు తినడానికి అది ఒక్క గుంజు గుంజితే అవ్వ వెనకాలే పరుగెత్తింది. మేం చూసేసరికి ప్రదక్షిణ కోడె చేయిస్తోంది, అవ్వ చేస్తోంది.

పూలు పోగొట్టుకున్నావిడ సిరిసిల్ల నుంచి వచ్చిన నేతపని వాళ్లావిడ. కోపం తెచ్చుకోకుండా పెద్దగా నవ్వింది. ఆ నవ్వు చప్పుడుకు క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ఏమనుకోకుండ్రి! మగ్గాల మోతల బతికినోళ్లం, మెల్లగ మాట్లాడుడు మర్శిపోయినం!" అని మా చెవుల దగ్గరే అరిచింది. ఆమె భర్తకు ఒక చెవి పూర్తిగా పోయిందట. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. బాపు అతన్ని చూసి జాలిగా తలూపాడు.

"మాకు చెవే అన్నం పెట్టింది తమ్మీ" అన్నాడు. అతను పెదాలు చూసి అర్థం చేసుకుని బాపు భుజం తట్టాడు.

ఈ మాటల్లో పడి టిఫిన్ సంగతి మరిచాం. అవ్వ ప్రసాదం పట్టుకుని వచ్చేసరికి బాపు బండి దగ్గర నిలబడి నాలుగు ఇడ్లీలు తిని చేయి కడుక్కుంటున్నాడు. మొదటి పూట అలా పోయింది. అవ్వ నావైపు చూసి ఏడు అని వేళ్లతో చూపించింది.

రాయపట్నం వంతెన నుంచి జన్నారం దాకా

జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరిని దాటాం. ఈ గోదావరే మా ఖని పక్క నుంచీ పోతుంది. కానీ అక్కడ దానికి బొగ్గు పొడి వాసన ఉన్నట్టు నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇక్కడ శుభ్రంగా, వెడల్పుగా, ఏ పనీ లేనట్టు ఉంది. వంతెన దాటితే రెండు వైపులా పత్తి. కార్తీక మాసం కాబట్టి చేన్లన్నీ విచ్చుకుని ఉన్నాయి. కొంగు నడుముకు మూటలా కట్టుకున్న ఆడవాళ్లు వరుసగా వంగి ఏరుతున్నారు.

జన్నారం ఇంకా పది నిమిషాలుందనగా వెనక టైరు పంక్చరైంది. పంక్చర్ దుకాణం పెద్దాయనకు గడ్డం తెల్లగా, చేతులు నల్లగా ఉన్నాయి. "ఫికర్ చెయ్యకుండ్రి, జర సేపు కూసోండ్రి" అని రెండు కుర్చీలు వేశాడు. అదే అదను అనుకుని అవ్వ కుర్చీల మీద తువ్వాల పరిచి జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఉడకబెట్టిన గుడ్లు తీసింది. రెండు కుర్చీలు, పక్కపక్కన, చెట్టు నీడ. ఇంతకంటే ఏం కావాలి?

బాపుకు ఎదురుగా ఒక మనిషి బరువెత్తుతుంటే ఊరికే కూర్చోవడం రాదు. అవ్వ రొట్టె తుంచేలోపే జాకీ దగ్గరికి పోయాడు. బండి కింద ఇద్దరూ పడుకుని ఏవో బోల్టుల గురించి మాట్లాడుకున్నారు. అక్కడే మట్టి చేతులతో ఆ పెద్దాయన డబ్బాలోంచి రోటీ, మా డబ్బాలోంచి జొన్నరొట్టె మార్చుకుని తినేశారు. పెద్దాయన పంక్చరుకు నూట యాభై అడిగి, రొట్టె రుచి గుర్తొచ్చి ఇరవై తగ్గించాడు. అవ్వ ఖాళీ కుర్చీ పక్కన కాసేపు కూర్చుని, తర్వాత అన్నీ మూటగట్టింది.

అడవి మొదలయ్యాక దారి పొడవునా సీతాఫలాల బుట్టలే. కరీంనగర్‌లో మూడు వందలు చెప్పే బుట్ట ఇక్కడ నూరు. అమ్ము ఒళ్లో బుట్ట పెట్టుకుని గింజలు లెక్కపెడుతూ ఉట్నూర్ దాకా వచ్చింది. ఉట్నూర్‌లో ఇప్పపువ్వు లడ్డూలు కొన్నాం. ఇప్పపువ్వంటే సారా ఒక్కటే తెలిసిన రమేశ్ ఒక లడ్డు తిని కాసేపు తన తల తిరుగుతుందేమోనని ఎదురుచూశాడు.

కొండ మీద నీళ్లు వచ్చే టైం

జైనూర్ అంగట్లో విడిది యజమాని గణపత్‌రావు జీపుతో నిలబడి ఉన్నాడు. నలభై దాటిన గోండు మనిషి. హైదరాబాద్ హోటళ్లలో పన్నెండేళ్లు పనిచేసి, తిరిగొచ్చి తాతల నాటి భూమిలో ఈ విడిది కట్టాడు. "రాం రాం కాకా" అని బాపుకు చేతులు జోడించాడు. మా దిక్కు నమస్తే అంటూ తలొంచుతాం. ఇక్కడ ఎదురుపడిన ప్రతి మనిషీ నిలబడి, కళ్లలోకి చూసి, రాం రాం అంటాడు. బాపుకు ఇది బాగా నచ్చింది. బాయిలో దిగేటప్పుడు కూడా ఎదురైన ప్రతివాణ్ణీ అట్లనే పలకరించుకునేవాళ్లట.

కొండెక్కాం. కుటీరాలకు బయట మట్టి గోడలు, ఎర్రమన్ను అలుకు. లోపల అడుగుపెడితే మెత్తటి పరుపులు, వేడినీళ్ల తొట్టి, ఒకవైపు గోడంతా అద్దం. అద్దం అవతల లోయ. ఒకదాని వెనుక ఒకటిగా కొండలు, ఆఖరిది పొగలా కనిపిస్తుంది. స్వప్న పరుపు మీద అడ్డంగా పడి, "వదినా, నన్ను ఆదివారం దాకా లేపకు" అంది. తువ్వాళ్లను హంసల్లా మడిచి పెట్టారు. అవ్వ వాటిని విప్పడానికి మనసొప్పక మూడు రోజులూ కొంగుతోనే మొహం తుడుచుకుంది.

అసలు పని సాయంత్రం అయిదింటికి జరిగింది. మా ఖని కంపెనీ క్వార్టర్లలో నల్లా రోజుకు ఒక గంటే వస్తుంది. ఆ గంటలో ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె నిండాలి. అవ్వకు అది ఊపిరి తీసుకున్నట్టే అలవాటు. అయిదు కాగానే లేచి తొట్టి నింపింది, బకెట్లు నింపింది, మంచినీళ్ల జగ్గులు, చేతులు కడిగే బేసిను, ఆఖరికి పూలు పెట్టే కుండీ కూడా నింపి పూలు పక్కన పెట్టింది. నాలుగు కుటీరాలూ తిరిగి ఇదే చేసింది. కొండ మీది ట్యాంకు ఖాళీ అయి గణపత్‌రావు పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఈడ నీళ్లు ఇరవై నాలుగు గంటలు వస్తయి" అన్నాడు ఆయాసంతో.

"ఇప్పుడు ఎక్కడ వస్తున్నయి బిడ్డా?" అంది అవ్వ నల్లా తిప్పి చూపించి. అతను మోటారు వేయడానికి పోయాడు.

అదే సమయానికి బాపు చేతికి ఒక వెదురుకర్ర దొరికింది. ప్రతి కుటీరం పైకప్పునూ కింద నిలబడి తట్టి, చెవి ఒగ్గి, తలూపుకుంటూ తిరిగాడు. అన్నీ పాసయ్యాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి, ఏడు గంటలకల్లా ఆ మెత్తటి పరుపు మీద గురకపెట్టాడు. లేపవద్దని అవ్వే అంది. మూడో పూటా పోయింది.

శనివారం: గోదావరికి అటొకరు ఇటొకరు

పొద్దున లేచేసరికి లోయ నిండా మంచు. ఆదిలాబాద్ చలి గురించి రేడియోలో వినడమే గాని ఇలా ముక్కు మీద తగలడం నాకు మొదటిసారి. బాపు అప్పటికే కొండ దిగి ఎక్కి, వంటింటి పొయ్యి ముందు కూర్చున్నాడు. వంట చేసేది గణపత్‌రావు తల్లి సోంబాయి. ఆమె జొన్నరవ్వతో గట్క వండి, వేడివేడిగా పప్పు పోసి బాపుకిచ్చింది. ఎప్పటిలా గోడకు ఆనుకుని తినేశాడు. మేం లేచేసరికి చేయి తుడుచుకుంటున్నాడు.

"ఫస్ట్ షిఫ్ట్ మస్టరు వడ్డది" అన్నాడు రమేశ్ నీరసంగా. బాయి భాషలో హాజరు పడిందని, అంటే ఆ పూటా అయిపోయిందని.

మధ్యాహ్నం మాత్రం మేం గట్టిగా పట్టుకున్నాం. బాపును చెరో చెయ్యీ పట్టి బల్ల దగ్గరికి తీసుకొచ్చాం. గణపత్‌రావు తన హోటల్ మర్యాదంతా చూపించాడు. పన్నెండు మంది పట్టే టేకు బల్ల, తెల్లటి గుడ్డ, ఒక్కొక్కరికి మూడు రకాల చెంచాలు. ఇంటి పెద్దలని గౌరవించి బల్లకు ఆ చివర బాపును, ఈ చివర అవ్వను కూర్చోబెట్టాడు. చికెన్ కూర, గుత్తొంకాయ, జొన్నరొట్టె, అవ్వకని వేరే పప్పు. బాపు చెంచా చప్పుడు కాకుండా పెట్టడంలో మునిగి రెండు రొట్టెలకే లేచాడు.

నేను అవ్వ చెవిలో, "అయింది కదనే, ఇద్దరు కూసొని తిన్నరు" అన్నాను.

"ఇది పక్కనా? గోదావరికి ఇటొకలం అటొకలం. ఇది లెక్కల వట్టద్దు" అంది.

పోనీ రాత్రికైనా పక్కపక్కన కుర్చీలు వేయిద్దామని రమేశ్ అన్నీ సర్దాడు. తీరా పిలిస్తే అవ్వ రానంది. ఆ రోజు శనివారం. ఇరవై ఏళ్లుగా శనివారం అవ్వకు ఒక్కపొద్దు, ఒక్క పూటే తింటుంది. ఆ మాట బయలుదేరేటప్పుడు ఎవరికీ గుర్తులేదు, ఆమెకూ గుర్తులేదు.

"పూటలన్ని బాపు ఎల్లగొడుతున్నడనుకుంటే నువ్వు సుత తక్కువ లేవు గదనే!" అని రమేశ్ తల పట్టుకున్నాడు. స్వప్న నవ్వాపుకోలేక బయటికి పోయింది. అవ్వ మాత్రం నవ్వలేదు. మెట్ల మీద కూర్చుని భోజనాల గది కిటికీలోంచి బాపు తినడం చూసింది. పక్కన కూర్చుని నేను పాలు తాగించబోతే, "రేపటితోని అయిపాయె. ఇంటికి పోతే మల్ల ఆయన గోడ ఆయనదే, నా పొయ్యి నాదే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక మనిషి ముప్పై ఆరేళ్లకు ఒకటే కోరిక కోరితే, ఇంత పెద్ద కొండ ఎక్కించి కూడా తీర్చలేకపోతున్నామని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆదివారం: బండ కింద

పొద్దున పూట కూడా బాపుకు సోంబాయి పొయ్యి దగ్గరే గడిచింది. మిగిలింది ఒక్క మధ్యాహ్న భోజనం. అది తిని మేం కొండ దిగాలి.

ఈలోగా అమ్ము మా రహస్యాన్ని గణపత్‌రావుకు చెప్పేసిందట. అతను నా దగ్గరికొచ్చి, "అక్కా, మీరు నాకు ముందుగాల చెప్పొద్దా? నా దగ్గర అసలు జాగ ఒకటున్నది. పెండ్లి రోజులకు, పుట్టిన రోజులకు అక్కడ్నే పెడ్త" అన్నాడు. విడిది వెనుక కొండ కడుపులోకి తొలిచినట్టున్న చోట పైన ఒక పెద్ద బండ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని కింద పదిహేను ఇరవై మంది కూర్చునేంత నీడ. ముందు లోయ. రెండేళ్లుగా విడిదికి వచ్చినవాళ్లంతా ఇష్టపడేది దీన్నేనట. అతను ఒక్క గంటలో చాపలు పరిచి, పీటబల్ల వేసి, ఒక మూలన నిప్పుల కుంపటి పెట్టి కోళ్లు కాల్చడం మొదలుపెట్టాడు. బల్లకు ఒకవైపు రెండు కుర్చీలు, పక్కపక్కనే, ఒకదానికొకటి తాకేలా. వాటికి బంతిపూల దండలు చుట్టాడు. అవ్వ వాటిని చూసి సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

అవ్వ కూర్చుంది. మేం కూర్చున్నాం. బాపు రెండో కుర్చీ దాకా వచ్చి ఆగిపోయాడు. తలెత్తి చూశాడు. చేతిలో వెదురుకర్ర. 

టక్, టక్ అని తట్టాడు. కొంచెం జరిగి మళ్లీ తట్టాడు. నాకైతే అన్నీ ఒకేలా వినపడ్డాయి. బాపు మాత్రం ఆ కుర్చీల పైన మూడుసార్లు తట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"లెవ్వుండ్రి. ఈడ కూసోవద్దు" అన్నాడు.

గణపత్‌రావు మొహం వాడిపోయింది. "కాకా, మా తాతల సంది ఉన్న బండ ఇది. రెండేండ్ల సంది మందిని కూసోవెడుతున్న. ఏం కాలే."

"ఏం కాలే, నిజమే బిడ్డా. మొన్నటి వానకు పైనుంచి నీళ్లు దిగినయి, చెమ్మ చూడు. కింద నువ్వు మాటిమాటికి నిప్పులు వెడుతున్నవు. గట్టి రాయి గణగణ మోగుతది. ఇది డొల్ల సప్పుడు చేస్తున్నది. రాయి ఇడిసింది."

రమేశ్ ఇక పట్టలేకపోయాడు. ఏడు పూటల కోపం ఒకేసారి వచ్చింది. "బాపూ! ముప్పై ఆరేండ్లకు అవ్వ ఒక్క పూట నీ పక్కన కూసొని తినాలంటున్నది. గందుకే గింత దూరం వచ్చినం. ఇదే ఆఖరు పూట. గా కర్ర జర పక్కకు వెట్టరాదే!"

చెప్పవద్దన్న మాట బయటపడింది.  బాపు అవ్వ వైపు చూశాడు. కర్ర కొంచెం కిందికి దించాడు. అవ్వ కోసం కూర్చుంటాడేమోనని నాకనిపించింది. నిజం చెప్పొద్దూ, కూర్చోవాలనే కోరుకున్నాను.

ముందు లేచింది అవ్వే. ఒక చేత్తో విస్తరి తీసుకుంది, ఇంకో చేత్తో అమ్మును లేపింది.

"లెవ్వుండ్రి అందరు. ఆయన లెవ్వుమంటే లెవ్వుడే. గా చెవి తోటే దినాం ఇంటికొచ్చిండు. ఒక్కనాడన్న రాకుంట ఉన్నడా?"

ఇక మాకు మాటేముంది? గిన్నెలు, చాపలు, పీటబల్ల, కుంపటి పట్టుకుని అందరం బయటికి వచ్చాం. తినేద్దాం పదండని నేనంటే బాపు ఒప్పుకోలేదు. విడిచిన రాయిని అలాగే వదిలి పోకూడదట, వెనక వచ్చేవాళ్ల మీద పడుతుందట. బాయిలో అందరికంటే ముందు నేర్పేది అదే. గణపత్‌రావుతో పొడుగాటి గడ్డపార తెప్పించి, పక్కనున్న గట్టి రాయి కింద తను నిలబడి, సందులోకి మొన దూర్చి తిప్పాడు. చాలాసేపటికి పప్పుగిన్నె మూత అంత పెంకు ఒకటి టప్పున పడింది. దానికా ఇంత హంగామా అని రమేశ్ నవ్వాడు. గణపత్‌రావు కూడా పెదవి బిగించాడు. బాపు ఎవరివైపూ చూడకుండా మళ్లీ తట్టి, మళ్లీ దూర్చాడు. "ఎనకకు జరుగుండ్రి" అన్నాడు మెల్లగా.

ఈసారి మంచమంత పలక ఊడి పడింది. కాళ్ల కింద నేల అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే తొందరలో మేం బయటికి తేవడం మరిచినవి రెండే, ఆ రెండు కుర్చీలు. బంతిపూలు రాయి అంచున కొంచెం కనిపిస్తున్నాయి. కుర్చీలు కనిపించలేదు.

రమేశ్ నవ్వు ఎక్కడ పోయిందో. గణపత్‌రావు వచ్చి బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. "వచ్చే ఐతారం ఈడ పుట్టిన రోజు దావతుకు పదిహేను మంది పిల్లలు వస్తున్నరు కాకా" అన్నాడు. ఆ మాటకు బాపు అతని తల నిమిరి, మిగతా బండంతా తట్టి చూపించాడు. ఎక్కడ గణగణ, ఎక్కడ డొల్ల, అతని చెవికి కూడా నేర్పాడు. ఆ జాగాకు అడ్డంగా ముళ్లకంప వేయించాకే కర్ర కింద పెట్టాడు.

సోంబాయి వాకిట్లో

అప్పటికి మూడు దాటింది. కాల్చిన కోళ్ల మీద అంతా దుమ్ము. సోంబాయి తన ఇంటివాళ్లందరికీ వండిన గట్క, కందిపప్పు, పచ్చిమిరప కారం తెచ్చి వంటింటి ముందు వసారాలో పెట్టింది. చెంచాలు లేవు, బల్ల లేదు. అలికిన నేల మీద గొంగడి పరిచింది.

బాపు కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చాడు. గోడ ఖాళీగానే ఉంది. ఆనుకోలేదు. గొంగడి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పక్కన చేత్తో తట్టాడు.

"ఇటు రా" అన్నాడు అవ్వను. ఆమె కూర్చున్నాక, "నాకు చెప్పకపోతివి" అన్నాడు.

"చెప్తే ఏముంటది" అంది అవ్వ.

ఇద్దరి ముందూ విస్తర్లు పెట్టాను. బాపు ముద్ద కలిపాడు. అవ్వ కలపలేదు. నీళ్లు లేవని లేచింది. చెంబు తెచ్చి కూర్చోగానే అమ్ముకు పప్పు పడలేదని లేచింది. అది వడ్డించి వచ్చాక, రమేశ్‌కు కారం ఎక్కువైందేమోనని మజ్జిగ కోసం మళ్లీ లేవబోయింది. పూటలన్నీ బాపే పోగొట్టాడని ఎనిమిది పూటలుగా మేం అనుకుంటున్నాం. అవ్వకు కూర్చోవడం రాదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

బాపు ఎడమచేత్తో ఆమె ఎడమ మణికట్టు పట్టుకున్నాడు.

"కూసో. ఈడ ఎవ్వలకు ఏం తక్కువ లేదు. తిను."

అవ్వ కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అందరం తననే చూస్తున్నామని తల వంచుకుంది. స్వప్న లేచి మజ్జిగ తెచ్చింది. నేను వడ్డించాను. బాపు ఎప్పటిలాగే ముందే తినేశాడు, కానీ లేవలేదు. విస్తరి ముందు పెట్టుకుని, కుడిచేయి ఎండిపోతున్నా కడుక్కోకుండా, ఎడమచేత్తో ఆ మణికట్టు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ ఒక్కో ముద్దా చిన్నగా చేసి, నమిలి, మింగి, మళ్లీ పప్పు కలుపుకుని తింటూనే ఉంది. మా విస్తర్లన్నీ ఎత్తేశాం. ఎండ వసారా దిగి వాకిట్లోకి పోయింది. రమేశ్ బండి తాళాలు చేతిలో పట్టుకుని కూడా పోదామని అనలేదు.

నాకు ముప్పై నాలుగేళ్లు. మా అవ్వ ఇంత మెల్లగా తింటుందని నాకు ఆ రోజే తెలిసింది.